స్పోర్ట్స్ కారుకు గ్యాస్ కిట్: 5,200 ఆర్‌పీఎం దగ్గర తేలిన లెక్క

ఆ కారు మా షెడ్డుకు వచ్చిన రోజు నేను వద్దనే చెప్పాను. రెండు డోర్ల కూపే. రెండు లీటర్ల ఇంజిన్, నాలుగు సిలిండర్లు, టర్బో లేదు. కంప్రెషన్ 11, అంటే లోపలి మిశ్రమాన్ని పదకొండో వంతుకు నొక్కుతుంది. రెడ్‌లైన్, అంటే ఇంజిన్ తిరగగల గరిష్ఠ వేగం, 7,200 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు). వెనక చక్రాల మీద నడిచే బండి, బరువు 1,240 కిలోలు. ఇలాంటి బండికి సీఎన్‌జీ పెట్టడమంటే దాని గుణమంతా తీసేసి పక్కన పెట్టడమేనని చాలామంది అనుకుంటారు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను.

కారు తెచ్చిన కుర్రాడి ఇబ్బంది వేరు. ఆఫీసుకు రోజూ పోను రాను 70 కిలోమీటర్లు. నెలకోసారి ట్రాక్ మీద తిప్పుకుంటాడు. పెట్రోల్ ఖర్చు మోయలేక అమ్మేద్దామా అన్న దాకా వచ్చాడు.

"అన్నా, దీన్ని అమ్మడం నా వల్ల కాదు. గ్యాస్ పెట్టు, కానీ బండి బండిలాగే ఉండాలి" అన్నాడు.

"తమ్ముడూ, ఏమీ పోకుండా గ్యాస్ పెట్టడం ఎవరి వల్లా కాదు. ఏది పోతే నీకు ఫర్వాలేదో చెప్పు, అక్కణ్ణుంచి మొదలుపెడదాం" అన్నాను.

ఆ మాటకు అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. మూడు నెలల పని తర్వాత జవాబు ఒక అంకెగా తేలింది. దాన్ని ఎలా పట్టుకున్నామో, దారిలో నేను చేసిన తప్పులేమిటో కలిపి రాస్తున్నాను. ఇలాంటి బండి చేతికొచ్చిన మెకానిక్‌కి తప్పుల భాగమే ఎక్కువ పనికొస్తుంది.

గ్యాస్ మీద పవర్ ఎందుకు తగ్గుతుంది

సీఎన్‌జీ అంటే ముఖ్యంగా మీథేన్. మీథేన్ పూర్తిగా కాలాలంటే ఒక పాలు గ్యాస్‌కు తొమ్మిదిన్నర పాళ్ల గాలి కావాలి, ఘనపరిమాణం లెక్కన. అంటే ఇంజిన్ లోపలికి పీల్చే మిశ్రమంలో దాదాపు తొమ్మిదిన్నర శాతం చోటు గ్యాసే ఆక్రమిస్తుంది. ఆ మేరకు గాలి తగ్గినట్టే. పెట్రోల్ అలా కాదు. చుక్కలుగా వెళ్తుంది, పూర్తిగా ఆవిరైనా తీసుకునే చోటు రెండు శాతం లోపే. పైగా ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది. చల్లటి గాలి ఎక్కువ పడుతుంది. గ్యాస్‌కి ఆ లాభం కూడా లేదు. కాబట్టి టర్బో లేని ఇంజిన్ మీద సుమారు పది శాతం పవర్ పోతుంది. అంతకంటే ఎక్కువ పోతే తప్పు గ్యాస్‌ది కాదు, బిగించినవాడిది. నేను దీన్నే కొలబద్దగా పెట్టుకుంటాను.

గ్యాస్‌కు బలమూ ఉంది. ఆక్టేన్ 120 పైన ఉంటుంది, అంత తేలిగ్గా నాకింగ్ (మిశ్రమం తనంతట తానే పేలి ఇంజిన్‌ని కొట్టడం) రాదు. గ్యాస్ కోసమే తయారైన ఇంజిన్లు ఈ బలాన్ని బాగా వాడుకుంటాయి. 1998లో వచ్చిన హోండా సివిక్ జీఎక్స్ కంప్రెషన్ 12.5. ఫోక్స్‌వ్యాగన్ 2009లో నూర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసుకు సహజవాయువుతో నడిచే షిరాకోలనే దింపింది. కాబట్టి గ్యాస్‌కి వేగం రాదన్న మాట నిజం కాదు. మన ఇబ్బంది ఏమిటంటే, ఒకే ఇంజిన్ రెండు ఇంధనాల మీదా నడవాలి. కంప్రెషన్ పెట్రోల్‌కి తగ్గట్టే ఉండాలి.

ఈ కారులో కలిసొచ్చిన సంగతి ఒకటుంది. పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఇన్‌టేక్ పోర్టులో, అంటే గాలి లోపలికి వెళ్లే దారిలో ఉన్నాయి. నేరుగా ఇంజిన్ సిలిండర్‌లోకి కొట్టే రకమైతే గ్యాస్ మీద నడిచేటప్పుడు కూడా కొంచెం పెట్రోల్ వదులుతూ ఉండాలి, లేకపోతే ఇంజెక్టర్ ముక్కు వేడికి పాడవుతుంది. అలాంటి బండి అయితే నేను ఒప్పుకునేవాణ్ణి కాదు.

గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టాలి

తెలిసినవాళ్ల దగ్గర పాత స్టీలు సిలిండర్ ఒకటి ఉందని, అది తెచ్చుకుంటానని కుర్రాడు అన్నాడు. చూస్తే దాని మీద టెస్ట్ ముద్ర సగం చెరిగిపోయి ఉంది. 200 బార్ ఒత్తిడి, అంటే మామూలు గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు, మోయాల్సిన వస్తువు అది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11439 ప్రకారం ఇలాంటి సిలిండర్ ఆయుష్షు 20 ఏళ్లకు మించకూడదు. దీని తయారీ ఏడాదే కనబడటం లేదు. వెనక్కి పంపించేశాను. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

కొత్తదైనా స్టీలు అయితే వేరే చిక్కు. 60 లీటర్ల స్టీలు సిలిండర్ బ్రాకెట్లు, వాల్వుతో కలిపి 72 కిలోలు తూగుతుంది. అందరూ పెట్టే చోటు డిక్కీలో స్టెప్నీ ఉండే దగ్గర, అంటే వెనక ఇరుసుకు అర మీటరు వెనక. ఈ కారు వీల్‌బేస్ రెండున్నర మీటర్లు. లెక్క వేస్తే వెనక చక్రాల మీద 72 కాదు, 86 కిలోలు పడతాయి. ఆ అదనపు 14 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోతాయి. తూగుడుబల్ల ఒక కొసన కూర్చుంటే రెండో కొస లేచినట్టే. ముందు తేలికైతే మలుపులో స్టీరింగ్ తిప్పినా కారు నిటారుగా పోవాలని చూస్తుంది. ఒకసారి తిరగడం మొదలయ్యాక వెనక బరువు బయటికి ఈడుస్తుంది. ఫ్యామిలీ కారులో ఎవరూ పట్టించుకోని తేడా ఇది. ఈ కారులో మొదటి మలుపులోనే తెలుస్తుంది.

అందుకని అల్యూమినియం లోపలి గిన్నెకు కార్బన్ నార చుట్టిన మూడో రకం సిలిండర్ తీసుకున్నాం. అదే 60 లీటర్లు, బ్రాకెట్లతో కలిపి 38 కిలోలు. డిక్కీలో వెనక సీటుకు ఆనించి, ఇరుసుకు 15 సెంటీమీటర్ల వెనక బిగించాను. ముందు నుంచి లేచిన బరువు రెండు కిలోలు మాత్రమే. తూకం వేస్తే మొదట ముందు 657, వెనక 583 ఉండేది. పని అయ్యాక, ఖాళీ సిలిండర్‌తో, ముందు 662, వెనక 623. ముందు పెరిగింది ఇంజిన్ గదిలో పెట్టిన గ్యాస్ ఒత్తిడి దించే రీడ్యూసర్, ఇంజెక్టర్లకు గ్యాస్ పంచే గొట్టం (దాన్ని రైలు అంటాం), పైపుల వల్ల. స్ప్రింగులు మార్చే అవసరం రాలేదు. ఖర్చు స్టీలు దాని కంటే చాలా ఎక్కువైంది. స్టీలుదైతే తర్వాత స్ప్రింగులు, డాంపర్లు మార్చాల్సి వచ్చేది. అవి మార్చినా డిక్కీ చివర వేలాడే బరువు అక్కడే ఉంటుంది.

నిండా నింపితే పది కిలోల దాకా పడుతుంది. గబగబా నింపినప్పుడు సిలిండర్ వేడెక్కి తొమ్మిదితో ఆగిపోతుంది. శక్తి లెక్కన ఒక కిలో గ్యాస్ లీటరున్నర పెట్రోల్‌కి సమానం. పెట్రోల్ మీద లీటరుకు 12 ఇచ్చే బండి గ్యాస్ మీద కిలోకు 18 ఇచ్చింది. ఒకసారి నింపితే 160 కిలోమీటర్లు, అంటే ఆఫీసుకు రెండు రోజులు.

పైపులో ఒక గీత

హైప్రెషర్ పైపు ఆరు మిల్లీమీటర్ల స్టీలుది. సిలిండర్ దగ్గర ఒకటి, రీడ్యూసర్ దగ్గర ఒకటి గుండ్రంగా చుట్ట తిప్పాను. బండి ఊగినప్పుడు ఆ చుట్ట స్ప్రింగులా ఆడి, ఆ ఊపు జాయింటు దాకా రాకుండా చూస్తుంది. టెస్టు మొదట 50 బార్ దగ్గర చేశాను. సబ్బు నీళ్లతో ఎక్కడా బుడగ లేదు. 200 బార్‌కి తీసుకెళ్లి పావుగంట ఆగాక రీడ్యూసర్ జాయింటు కింద ఆవగింజంత బుడగ ఒకటి లేచింది, పగిలింది. అర నిమిషానికి ఇంకొకటి.

పానా తీసి ఇంకో పావు చుట్టు బిగిద్దామని చెయ్యి లాగుతుంది. ఒత్తిడి ఉండగా జాయింటు బిగించకూడదు. ఒత్తిడంతా వదిలి, విప్పి, పైపు చివర టార్చి వెలుగులో తిప్పి చూశాను. ఫెర్రూల్ (జాయింటులో పైపుని పట్టి ఉంచే లోహపు రింగు) కూర్చునే చోట పొడవునా సన్నటి గీత. గోరుతో రాస్తే తగులుతుంది. పైపు కోశాక అంచు నునుపు చేసేటప్పుడు మా షెడ్డులో పనిచేసే కుర్రాడి చేతిలో ఆకురాయి జారి పడిన గీత అది. 50 బార్ దగ్గర ఆ గీతలోంచి రాని గ్యాస్ 200 బార్ దగ్గర వచ్చింది. ఆ ముక్క కోసేసి, కొత్త ఫెర్రూళ్లతో మళ్లీ బిగించాను. ఆ రోజు నుంచి మా షెడ్డులో తక్కువ ఒత్తిడి టెస్టు చూసి పని అయిందనడం మానేశాం.

రీడ్యూసర్ 200 బార్‌ని రెండు బార్‌కి దించుతుంది. అంత పడిపోయేసరికి గ్యాస్ గడ్డకట్టించేంత చల్లబడుతుంది. అందుకే ఇంజిన్ కూలెంట్ నీళ్లు దాని చుట్టూ తిరగాలి. బండి పెట్రోల్ మీద స్టార్టయి, కూలెంట్ 40 డిగ్రీలు దాటాకే గ్యాస్‌కి మారేలా పెట్టాను.

4,500 దగ్గర మిస్సింగ్

మొదటిసారి డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద పెట్టినప్పుడు పెట్రోల్ మీద చక్రాల దగ్గర 131 హార్స్‌పవర్ వచ్చింది. గ్యాస్‌కి మార్చి ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే 4,500 దాటగానే మిస్సింగ్, అంటే మధ్యమధ్యలో మిశ్రమం కాలకుండానే పోతోంది. పైదాకా లాగించి చూసినా 108 దాటలేదు. అంటే 17 శాతం పైనే పోయింది. పదికి మించితే తప్పు బిగించినవాడిదని చెప్పాను కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీథేన్, గాలి కలిసిన మిశ్రమంలో స్పార్కు దూకాలంటే పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలి. పెట్రోల్ మీద సరిపెట్టుకునే స్పార్కు ప్లగ్గులు, వాటికి వోల్టేజీ ఇచ్చే కాయిళ్ల బలహీనత గ్యాస్ మీద బయటపడుతుంది. ప్లగ్గు గ్యాప్ 1.1 మిల్లీమీటర్లు ఉంది. 0.8కి తగ్గించాను. ఒక మెట్టు చల్లటి రకం ఇరిడియం ప్లగ్గులు వేశాను. మిస్సింగ్ తగ్గింది, పోలేదు. ఇప్పుడు మూడో సిలిండర్‌లో మాత్రమే వస్తోంది.

పాత ప్లగ్గులు నాలుగూ వరసగా బల్ల మీద పెట్టి చూశాను. మూడో దాని తెల్లటి పింగాణీ మీద, పైనుంచి కింది లోహం దాకా, పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత. స్పార్కు గ్యాప్‌లో దూకలేక పింగాణీ పక్కనుంచి దారి చేసుకుంది. కాయిల్ రబ్బరు తొడుగు లోపల చూస్తే సరిగ్గా అదే చోట వెంట్రుకంత చీలిక. పెట్రోల్ మీద ఈ కాయిల్ ఎన్నాళ్లుగా ఇలా నెట్టుకొస్తోందో తెలియదు. కాయిల్ మార్చాక మిస్సింగ్ పూర్తిగా పోయింది. కిట్ బిగించక ముందు కంప్రెషన్, లీక్‌డౌన్ (సిలిండర్లలోంచి గాలి ఎంత కారుతోందో), వాల్వు క్లియరెన్సులు (వాల్వుల దగ్గర వదిలే సన్నటి సందులు) అన్నీ చూసి పుస్తకంలో రాసుకున్నాను కానీ కాయిళ్లు విప్పి చూడలేదు. చూసి ఉంటే రెండు రోజులు మిగిలేవి.

నాజిల్ దగ్గర నేను చేసిన తప్పు

అసలు కథ ఇక్కడుంది.

గ్యాస్ ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుంటుందో, దాని నాజిల్ రంధ్రం ఎంత ఉందో, ఈ రెండిటి మీదే ఇంజిన్‌కి అందే గ్యాస్ ఆధారపడుతుంది. గ్యాస్ ఈసీయూ, అంటే కిట్‌లోని చిన్న కంప్యూటర్, చేసే పని సులువైనదే. పెట్రోల్ ఇంజెక్టర్‌కి ఇంజిన్ ఈసీయూ ఎన్ని మిల్లీసెకన్లు ఇస్తోందో చదివి, దాన్ని ఒక గుణకంతో హెచ్చించి గ్యాస్ ఇంజెక్టర్‌కి ఇస్తుంది. నేను మొదట పెట్టిన నాజిల్ 2.2 మిల్లీమీటర్లది. గుణకం 1.35 వచ్చింది. ఐడిల్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, పెట్రోల్ 2.4 మిల్లీసెకన్లు ఉంటే గ్యాస్ 3.2. ఇంజిన్ పిల్లిలా నిశ్శబ్దంగా తిరుగుతోంది.

7,200 ఆర్‌పీఎం దగ్గరికొస్తే లెక్క తప్పింది. ఆ వేగంలో ఇంజిన్ రెండు చుట్లు తిరగడానికి పట్టేది 16.7 మిల్లీసెకన్లు. ఒక్కో సిలిండర్‌కి ఇంజెక్టర్ తెరిచి మూసే సమయం మొత్తం అంతే. పెట్రోల్ 12.8 అడుగుతోంది. దాన్ని 1.35తో హెచ్చిస్తే 17.3. అంటే మూతపడే తీరికే లేదు. దానికి తోడు అంత గ్యాస్ లాగేసరికి రైలులో ఒత్తిడి రెండు నుంచి 1.6 బార్‌కి జారింది. ల్యాంబ్డా మీటరు మిశ్రమాన్ని కొలుస్తుంది: ఒకటికి మించితే గాలి ఎక్కువ, తగ్గితే ఇంధనం ఎక్కువ. పెట్రోల్ మీద 0.88 చూపించేది గ్యాస్ మీద 1.05 చూపించింది. ఫుల్ లోడ్‌లో, రెడ్‌లైన్ దగ్గర, అంత పలచటి మిశ్రమమంటే ఎగ్జాస్ట్ వాల్వులు ఎర్రగా కాలిపోవడమే.

ఏ మెకానిక్‌కైనా అప్పుడు తట్టేది నాజిల్ పెద్దది చేద్దామనే. నాకూ అదే తట్టింది. 2.3, 2.4 అంటూ డ్రిల్లు మార్చుకుంటూ 2.6 దాకా వెళ్లాను. గుణకం 0.97కి దిగింది. రెడ్‌లైన్ దగ్గర 12.4 మిల్లీసెకన్లు, ల్యాంబ్డా అదుపులోకొచ్చింది. స్పార్కుని ముందుకు జరిపే అడ్వాన్స్ ప్రాసెసర్ కూడా పెట్టాక చక్రాల దగ్గర 118 వచ్చింది. పది శాతమే తక్కువ. ఆ రోజు నేను చాలా సంతోషించాను.

మర్నాడు పొద్దున్నే కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, సిగ్నల్ దగ్గర ఆగితే ముల్లు ఎగిరెగిరి పడుతోంది. రెండుసార్లు ఆగిపోయింది."

ఐడిల్‌లో ఇప్పుడు ఇంజెక్టర్‌కి అందేది 2.3 మిల్లీసెకన్లు. అందులో దాదాపు రెండు మిల్లీసెకన్లు లోపలి పిన్ను కదిలి లేవడానికే పోతాయి. ఇక గ్యాస్ వెళ్లేది ఆ చివరి రెప్పపాటులో. ఒక ఇంజెక్టర్ వెంట్రుకవాసి ముందు తెరుచుకున్నా, రెండోది వెనకపడినా, నాలుగు సిలిండర్లకీ నాలుగు రకాల మిశ్రమం పడుతుంది. మ్యాప్‌లో, అంటే ఏ వేగానికి, ఏ లోడుకి ఎంత గ్యాస్ అన్న ఈసీయూ పట్టికలో, ఎంత సర్దినా ఇది కుదరదు. రంధ్రం పెద్దదైతే సన్నగా కొలిచి పోయడం దాని వల్ల కాదు. బిందెతో చెంచాడు మందు పోయబోయినట్టు ఉంటుంది.

చిన్న నాజిల్ పైన చాలదు, పెద్దది కింద పనికిరాదు. మధ్యలో 2.4 పెడితే రెండు చోట్లా అంతంతమాత్రం. మామూలు బండిలో ఈ చిక్కు రాదు, ఎందుకంటే దాని రెడ్‌లైన్ ఆరు వేలు, డ్రైవరు నాలుగు వేలు దాటడు. కింది నుంచి పైదాకా విశాలంగా తిరిగే ఇంజిన్‌కే ఇది.

అప్పుడు ఒక పని చేశాను. ముందే చేయాల్సింది. కారుకు ఇంజిన్ వేగం నమోదు చేసే లాగర్ పెట్టి, ఆరు రోజులు ఆఫీసుకు ఎప్పటిలాగే వెళ్లి రమ్మన్నాను. తెచ్చాక చూస్తే, ఆరు రోజుల్లో 5,200 ఆర్‌పీఎం దాటిన సమయం మొత్తం కలిపి రెండు నిమిషాలు కూడా లేదు. ఆ రెండు నిమిషాల కోసం నేను మిగతా గంటలన్నీ పాడు చేశాను.

డ్రిల్లు చేసిన రంధ్రాన్ని వెనక్కి తేలేం కదా. కొత్త నాజిళ్ల సెట్టు నా ఖర్చుతో తెప్పించి, 2.2కే తిరిగొచ్చాను. గ్యాస్ ఈసీయూలో 5,200 దాటగానే పెట్రోల్‌కి మారేలా, 4,600 కిందికి దిగి మూడు సెకన్లు నిలిస్తేనే తిరిగి గ్యాస్‌కి వచ్చేలా పెట్టాను. 5,200 దగ్గర రెండు చుట్లకు 23 మిల్లీసెకన్లు ఉంటాయి. అక్కడ పెట్రోల్ 13.2 అడిగినా గ్యాస్‌కి 17.8 సరిపోతుంది. ఇంజెక్టర్‌కి ఊపిరి తీసుకునే తీరిక మిగిలింది. రెడ్‌లైన్ దగ్గర బండికి తన పాత గొంతు, పాత 131 గుర్రాలు తిరిగొచ్చాయి. ఏది పోతే ఫర్వాలేదని మొదటి రోజు అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే. 5,200 పైన గ్యాస్ పోతే ఎవరికీ నష్టం లేదు.

మారే క్షణంలో నాకింగ్

కష్టాలు అయిపోలేదు. మీథేన్ మంట పెట్రోల్ మంట కంటే నెమ్మదిగా పాకుతుంది. కాబట్టి స్పార్కు కాస్త ముందే ఇవ్వాలి. దానికే అడ్వాన్స్ ప్రాసెసర్. ఇంజిన్ ఎంత తిరిగిందో చెప్పే క్రాంక్, క్యామ్ సెన్సర్ల సిగ్నల్ మధ్యలో కూర్చుని, ఇంజిన్ ఈసీయూకి తెలియకుండా స్పార్కుని ముందుకు జరుపుతుంది. నేను అన్ని వేగాలకూ తొమ్మిది డిగ్రీలు పెట్టి ఉంచాను.

ట్రాక్ మీద నేనే నడిపి చూశాను. మూడో గేరులో ఫుల్ యాక్సిలరేటర్, 5,200 దాటింది, పెట్రోల్‌కి మారింది. సరిగ్గా ఆ క్షణంలో ముందు నుంచి గాజులు గలగలలాడినట్టు ఒక చప్పుడు. ఒక్క సెకను కూడా లేదు. లాగ్‌లో చూస్తే నాక్ సెన్సర్ పసిగట్టి స్పార్కుని ఆరు డిగ్రీలు వెనక్కి లాగించింది.

ప్రాసెసర్‌కి గ్యాస్ నడుస్తోందా లేదా అన్నది తెలిసేది గ్యాస్ దారిని తెరిచి మూసే సోలినాయిడ్ వాల్వు వైరు ద్వారా. గ్యాస్ ఈసీయూ మార్పు ఒక్కసారిగా చేయదు. ఒక్కో సిలిండర్నీ వరసగా పెట్రోల్‌కి మార్చి, అంతా అయ్యాకే సోలినాయిడ్ మూస్తుంది. ఆ సందులో లోపల పడేది పెట్రోల్, స్పార్కు మాత్రం ఇంకా గ్యాస్ లెక్కలో తొమ్మిది డిగ్రీలు ముందు. కంప్రెషన్ 11 ఉన్న ఇంజిన్‌లో, ఫుల్ లోడ్‌లో అది పిస్టన్‌కి సుత్తి దెబ్బ.

మొదట సోలినాయిడ్ ఆలస్యం తగ్గిద్దామని చూశాను. తగ్గిస్తే చివరి సిలిండర్‌కి గ్యాస్ అందక బండి ఒక్క క్షణం జెర్కు కొడుతోంది. తర్వాత వేరేలా ఆలోచించాను. వేగం పెరిగేకొద్దీ ఇంజిన్ లోపల గాలి సుడులు ఎక్కువై మంట తొందరగా పాకుతుంది, అదనపు అడ్వాన్స్ అవసరం తగ్గుతుంది. అలాంటప్పుడు పైదాకా తొమ్మిది ఎందుకు? 3,500 వరకు తొమ్మిది ఉంచి, అక్కణ్ణుంచి మెట్లు మెట్లుగా దించి 5,000 దగ్గర సున్నా చేశాను. 5,200 దగ్గర మారేటప్పటికి రెండు ఇంధనాలకూ స్పార్కు ఒకే చోట ఉంటుంది. 4,500 దగ్గర రెండు హార్స్‌పవర్ తగ్గాయి. చప్పుడు పోయింది. ఆ రెండు గుర్రాలకు నేను ఏమాత్రం బాధపడలేదు.

పెట్రోల్ మీద బండి బరువెక్కింది

రెండు వారాలకు కుర్రాడు మళ్లీ వచ్చాడు. "గ్యాస్ మీద బాగానే ఉంది అన్నా. పెట్రోల్‌కి మారాక పైన లాగడం లేదు, బరువుగా ఉంది."

గ్యాస్ పెట్టాక పెట్రోల్ మీద కంప్లయింట్ రావడం వింతగా అనిపిస్తుంది కానీ వింతేమీ కాదు. ఇంజిన్ ఈసీయూకి గ్యాస్ సంగతి తెలియదు. ఆక్సిజన్ సెన్సర్ మిశ్రమం పలచగా ఉందంటే పెట్రోలే తక్కువ పడుతోందనుకుని ఇంకొంచెం కలుపుతూ, ఆ అలవాటుని జ్ఞాపకం పెట్టుకుంటుంది. దాన్నే లాంగ్ టర్మ్ ట్రిమ్ అంటాం. నేను నాజిళ్లు మార్చాక ఆటో కాలిబ్రేషన్ ఐడిల్‌లోనే చేసి వదిలేశాను. హైవే వేగంలో గ్యాస్ 11 శాతం తక్కువ పడుతోంది. ఈసీయూ ట్రిమ్ ప్లస్ 11కి చేరింది. గ్యాస్ మీద దానితో సరిపోయింది. 5,200 దాటి పెట్రోల్‌కి మారినప్పుడు అదే 11 శాతం అసలు పెట్రోల్‌కి కలిసింది. ల్యాంబ్డా 0.88 బదులు 0.79. సైలెన్సర్ మూతిలో వేలు పెట్టి తిప్పితే వేలంతా మసి.

పక్క సీట్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఒకరు నడుపుతుంటే ఒకరు చూస్తూ, 1,500 నుంచి 5,000 దాకా ఒక్కో వేగంలో, ఒక్కో లోడులో మ్యాప్ గడులు సర్దాం. ఒక గడిలో ట్రిమ్ నిలకడగా ఉండేదాకా అదే వేగంలో పోవాలి, తర్వాత ఇంకో గడి. రెండు రోజులు పట్టింది. ఓపికగా చేయాల్సిన పని, తొందరపడితే కుదరదు. చివరికి ట్రిమ్ అన్ని చోట్లా ప్లస్ లేదా మైనస్ మూడు లోపలికొచ్చింది. ఇంధనం మారినప్పుడు ఆక్సిలరేటర్ మీదున్న కాలికి తెలియదు, డాష్‌బోర్డు మీద లైటు చూస్తేనే తెలుస్తుంది.

తర్వాతి లెక్కలు

ఎనిమిది వేల కిలోమీటర్లకు వాల్వు కవరు విప్పి క్లియరెన్సులు చూశాను. గ్యాస్‌లో పెట్రోల్‌లా తడి ఉండదు, ఎగ్జాస్ట్ వాల్వు మూతపడే ప్రతిసారీ సీటు మీద పొడిగా కొడుతుంది. సీటు అరిగితే వాల్వు లోపలికి దిగుతుంది, క్లియరెన్స్ తగ్గుతుంది. సున్నా అయితే వాల్వు పూర్తిగా మూతపడదు, అంచు కాలిపోతుంది. పని మొదలుపెట్టక ముందు ఎనిమిది ఎగ్జాస్ట్ వాల్వులూ 0.30 మిల్లీమీటర్లు ఉన్నాయి. ఇప్పుడు ఆరు అలాగే ఉన్నాయి, రెండు 0.28. మూడో సిలిండర్‌వే ఆ రెండూ. మిస్సింగ్ వచ్చిన సిలిండరే. కాలకుండా వెళ్లిన మిశ్రమం ఎగ్జాస్ట్‌లో అంటుకుని అక్కడి వాల్వుల్ని వేడి చేసి ఉంటుందని నా అనుమానం.

ఇంకో మార్పు కుర్రాడే అడిగాడు. గ్యాస్ సిలిండర్ ఒత్తిడి 40 బార్ కిందికి దిగాక ఓవర్‌టేక్ చేసేటప్పుడు ఒక చిన్న తడబాటు వస్తోందన్నాడు. రైలు ఒత్తిడి లాగ్‌లో చూస్తే నిజమే, ఫుల్ లోడ్‌లో 1.7కి జారుతోంది. 45 బార్ కింద ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే పెట్రోల్‌కి మారేలా, మామూలుగా నడిపితే చివరిదాకా గ్యాస్ మీదే ఉండేలా పెట్టాను. దానికి పావుగంట పట్టింది.

పదహారు వేల దగ్గర మళ్లీ వచ్చాడు. రీడ్యూసర్ ఫిల్టర్ మార్చాను, జాయింట్లన్నీ 200 బార్ దగ్గర సబ్బు నీళ్లతో చూశాను, బుడగ లేదు. కవరు విప్పి సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టాను. మూడో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ 0.28 దగ్గరే ఆగి ఉన్నాయి. పుస్తకంలో తేదీ వేసి రాసుకుని, కవరు మూసేశాను.